లాటరీలో మూడో అంతస్తు వస్తే: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలులో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నాను. వికలాంగులు అందరి మధ్యే ఉండేలా కాలనీల్లో పనిచేసే ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లకు, పింఛన్లకు అర్జీలు రాసిపెడతాను, ఇంట్లో ఏం మారిస్తే మనిషి తన పని తాను చేసుకోగలరో కొలతలు తీస్తాను.

నగర శివార్లలో పేదలకు కట్టిన జీ ప్లస్ త్రీ (నేల మీద ఒక వరస, దానిపైన మూడు అంతస్తులు) ఇళ్లలో ఒక అక్కకు మూడో అంతస్తు వచ్చింది. పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. లిఫ్టు లేదు. జాకెట్లు కుట్టి బతుకుతుంది, గిరాకీ అంత పైకి ఎక్కి రాదు. తను దిగాలంటే తమ్ముడు ఎత్తుకోవాలి. "ఇల్లొచ్చింది పాపా, దిగేదెట్ల?" అని అడిగింది. చివరికి తాళమేసి పాత అద్దింటికే వెళ్లిపోయింది. నెలకొచ్చే 6,000 పింఛనులో సగం అద్దెకే పోతోంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ గృహ పథకాల్లో 5 శాతం కేటాయించమంది, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వమంది. రికార్డుల్లో ఆమెకు అది అందినట్టే. అంతస్తును మాత్రం లాటరీకి వదిలేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడేనండి. 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు నిబంధనలు పాటించని కట్టడానికి అనుమతే ఇవ్వకూడదు. అవి సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

వికలాంగులందరికీ విడిగా ఒక బ్లాకు కట్టిస్తే పోతుంది కదా అని కొందరంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ అక్కకు ఎదురింటావిడ నీళ్లు పట్టిపెడుతుంది, ఆవిడ పనికి పోతే పిల్లాడిని ఈ అక్క చూసుకుంటుంది. విడిగా పెడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ దొరుకుతుంది? అందరి మధ్య బతికే హక్కు గురించి చెప్పే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది.

కాబట్టి లాటరీ తీయకముందే ప్రతి బ్లాకులో కింది ఇళ్లను వికలాంగుల కోసం పక్కన పెట్టించండి. ఇప్పటికే పైన వచ్చినవాళ్లకు మార్పిడికి అనుమతి ఇవ్వండి. కొత్తవి కట్టేటప్పుడు పునాది దశలోనే చక్రాల కుర్చీలో తిరిగే ఒకరిని పిలిచి ప్లాను చూపించమనండి. ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. నేను చూసిన కొన్ని ర్యాంపులు నిటారుగా ఉన్నాయి, వాటి మీద కుర్చీ తోసేవాళ్లకే కాలు జారుతుంది. తలుపులు 90 సెంటీమీటర్లు ఉండాలి. బాత్రూమ్ దగ్గర కుర్చీ ఇరుక్కుని, లోపలికి పాక్కుంటూ వెళ్లే పెద్దాయన్ని చూశాక ఆ కొలత నాకు చిన్న విషయంగా అనిపించడం లేదు.

ముందుగా మన జిల్లాలో పై అంతస్తులు వచ్చిన వికలాంగుల జాబితా తెప్పించుకోండి. మేం తీసిన కొలతలన్నీ మీ అధికారులకు ఇస్తాం, వాళ్లు రమ్మంటే వెంట తిరిగి ఇళ్లు చూపిస్తాం.

ఇట్లు,
ఒక ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థిని,
కర్నూలు