మన కంప్యూటర్ సంఘం వార్షిక నివేదిక – 2025, అనంతపురం

గౌరవ అధ్యక్షుల వారికి, కమిటీ పెద్దలకు, ఆదివారం పనులు మానుకొని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు, నేరుగా పనుల్లోకి వస్తాను. ప్రతి నెలా రెండో ఆదివారం కలవాలనుకున్నాం. పన్నెండింటికి తొమ్మిది జరిగాయి. ఒకటి వానకు పోయింది. అనంతపురంలో వానకు మీటింగు ఆగిందంటే సంతోషించాలి గానీ బాధపడకూడదు. మిగతా రెండూ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక పోయాయి. 2022లో జిల్లా రెండైనా ధర్మవరం, హిందూపురం సభ్యులు చందా ఇక్కడే కడుతున్నారు, ఊళ్ళో ఉన్నవాళ్ళ కంటే ముందే కడుతున్నారు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగించింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు లేని పాత మెషీన్లు పట్టుకొని జనం వచ్చారు. రెండు ఆదివారాలు కూర్చొని వాటిలో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి పంపాం. ఆ పనిలో వంచిన నడుము ఎత్తని విద్యార్థి సభ్యులకు ధన్యవాదాలు.

ఇక ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన పని ఒకటుంది. దానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఓర్చుకోండి.

నిరుడు సర్వసభ్య సమావేశంలో జరిగిన వాదన గుర్తుంది కదా? ఒకరు, వేగం పెంచితే తన గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే కార్డు) 2,100 మెగాహెర్ట్జ్ కొడుతుందంటే, ఇంకొకరు నాది 2,150 అన్నారు. ఎంతసేపు కొడుతుందని అడిగితే ఇద్దరూ నవ్వేశారు. ఈ పని అక్కడ మొదలైంది. మూతపడ్డ ఒక నెట్ సెంటర్ నుంచి కోశాధికారి గారు జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డు తెచ్చిచ్చారు. 2016 నాటిది, 120 వాట్ల కార్డు. కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచుకుంటూ పోతే దీని అసలు హద్దు ఎక్కడుందో తేల్చి కాగితం మీద పెట్టాలనుకున్నాం.

జనవరిలో ముందు కార్డు విప్పాం. కార్డు వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య ఎర్రమట్టి అట్ట కట్టి ఉంది. దుమ్ము ఊది, చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాసేసరికి, ఏమీ పెంచకుండానే వేడి 9 డిగ్రీలు దిగింది. ఆ తర్వాతే కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ తెరిచాం. పవర్ లిమిట్ (కార్డు తీసుకోగల కరెంటు హద్దు) చివరికంటా లాగి, కోర్ (కార్డు ప్రధాన చిప్పు) వేగం 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టుకూ సూపర్‌పొజిషన్ అనే స్కోరు పరీక్ష పది నిమిషాలు తిప్పాం. క్లాకు (నడిచిన వేగం), వేడి, స్కోరు మూడూ లాంగ్ నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో రాశాం (నీలం పెన్ను ఎవరో జేబులో పెట్టుకొని పోయారు, తెచ్చివ్వగలరు). 200 దగ్గర తెర నల్లబడింది, కాసేపటికి డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తనే తిరిగి లేచింది. 175 నిలిచింది. చప్పట్లు కొట్టేశాం.

తొందరపడ్డాం. గుంతకల్లు తమ్ముడు టీ తాగి వచ్చి, చల్లబడ్డ కార్డు మీద ఏదో పాత ఆట పెట్టాడు. నిమిషంలో పడిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఈ కార్డులు తమంతట తామే ఇంకో రెండు మెట్లు ఎక్కుతాయి, మెట్టుకు 12, 13 మెగాహెర్ట్జ్. పరీక్షలో 66 డిగ్రీల దగ్గర 2,037లో నిలకడగా నడిచిన కార్డు, ఆటలో 45 డిగ్రీల దగ్గర 2,063కి పోయింది. ఫర్‌మార్క్ అనే బరువైన పరీక్ష ఒక్కటే తిప్పి పాసయిందనే సభ్యులు ఇది గమనించాలి. అంత బరువు మోపితే పవర్ లిమిట్ తగిలి క్లాకు కిందికి దిగిపోతుంది, పై క్లాకును పరీక్షించినట్టే కాదు. మేము 150కి తగ్గాం.

మెమరీది ఇంకో తమాషా. 100 చొప్పున పెంచితే 500 దాకా స్కోరు పెరిగింది. 600లో తెర శుభ్రంగా ఉంది, స్కోరు మాత్రం తగ్గింది. ఈ కార్డులో ఉన్న జీడీడీఆర్5 రకం మెమరీలో తప్పు దొర్లితే ఆ డేటా మళ్ళీ పంపుకుంటుంది. పైకి ఏమీ కనబడదు, టైము మాత్రం పోతుంది. 700 పెట్టాక గానీ తెర మీది ఆకాశంలో ముగ్గుపిండి చల్లినట్టు తెల్లచుక్కలు రాలేదు. చుక్కలు వచ్చేదాకా పెంచుకుంటూ పోయేవాళ్ళు అప్పటికే 200 ఎక్కువ పెట్టుకొని నష్టపోతున్నారన్నమాట. 450 దగ్గర ఆగాం.

అదంతా గది 24 డిగ్రీలున్నప్పటి మాట. మన ఊళ్ళో మే నెల దాటని నంబరు నంబరే కాదు. అందుకే మేలో మళ్ళీ పెట్టాం. హాలు కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు సారు లేరన్నారు, నాలుగోసారి సారు ఉన్నారు, అర్జీ లేదన్నారు. చివరికి మన అధ్యక్షుల వారి మేడ మీద గదే దిక్కయింది. వారి ఇంట్లోవాళ్ళు ఆ మోతను ఎలా భరించారో గానీ, పైగా ఉగ్గాణి, బజ్జీలు పంపారు. ఆ అమ్మకు సంఘం ఋణపడి ఉంది.

గది 38 డిగ్రీలు, కార్డు 81. నాలుగు గంటలు ఏకబిగిన నడపాలి, పది నిమిషాలకోసారి ఒకరు కూర్చొని రాయాలి. మధ్యాహ్నం షిఫ్టుకు పేరిచ్చినవాళ్ళు ఐదుగురు, వచ్చింది ఒక్కరు. పెళ్ళిళ్ళ సీజనని నాకూ తెలుసు. పేరివ్వకుండా ఉండాల్సింది. ఆ ఒక్కరూ భోజనానికి దిగారు. నోట్‌బుక్కులో 2:30 తర్వాత ఉన్నది 3:40. పైకి వచ్చి చూస్తే పరీక్ష లేదు, ఖాళీ డెస్క్‌టాప్. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో 3:12కి డ్రైవర్ పడిపోయినట్టు ఉంది. అప్పుడు వేడి ఎంతో, క్లాకు ఎంతో తెలిసే దారి లేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో లాగ్ ఫైలుకు టిక్ పెట్టి ఉంటే తెలిసేది. అది మరిచింది నేనే, ఒప్పుకుంటున్నాను. పరీక్ష మొత్తం మర్నాడు మళ్ళీ చేశాం, సోమవారం, నలుగురు సెలవు పెట్టి.

కరెంటు వల్లే పడిందని కొందరన్నారు. అదీ చూశాం. లోడు మీద 12 వోల్టుల లైనుకు మల్టీమీటర్ పెడితే 11.9 చూపింది. 11.4 దాకా పరవాలేదు, కాబట్టి మన పవర్ సప్లై తప్పు లేదు. అదే మీటరు 2,150 చెప్పిన సభ్యుడి మెషీన్‌కు పెడితే 11.3 వచ్చింది. ఆయన కొత్త సప్లై కొన్నారు. 2,150 సంగతి మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం తేలిన లెక్క: కోర్ 125, మెమరీ 400. ఈ ఎండలో నడిచిన క్లాకు 1,961. స్కోరు నూటికి 8 మేరకే పెరిగింది. ఇంతకా ఇంత కష్టమని ఎవరైనా అడిగితే తప్పు పట్టను. కానీ ఇది మా కార్డు లెక్క. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు కార్డులు కూడా ఒకలా ఉండవు. నంబరు ఎత్తుకుపోయి మీ కార్డుకు పెట్టి, పడిపోయిందని నాకు రాత్రి పదకొండుకు ఫోను చేయవద్దని మనవి.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. రాబడి కంటే ఖర్చు కొద్దిగా ఎక్కువే అయింది. పేస్టు, ఒక ఫ్యాను, టీలు, ఆటో చార్జీలు. రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, అడిగినవారికి చూపుతాం. చందా బాకీలున్నవారి పేర్లు ఈసారికి చదవడం లేదు.

మల్టీమీటర్ అరువిచ్చిన సుభాష్ రోడ్డు షాపువారికి, టేబుల్ ఫ్యాన్లు మోసుకొచ్చిన కుర్రాళ్ళకు, సోమవారం సెలవు పెట్టిన నలుగురికి, తాడిపత్రి నుంచి బస్సులో మానిటర్ ఒళ్ళో పెట్టుకొని వచ్చిన సోదరుడికి సంఘం తరఫున నమస్కారాలు.

ఈ తరం కార్డులకు తయారీ కంపెనీ ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు అక్టోబర్‌తో ఆపేసింది, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తానంది. అందుకని వచ్చే ఏడాది ఇదే పని కొత్త తరం కార్డుతో చేయాలని కమిటీ అభిప్రాయం. కార్డు ఎవరిస్తారో, మధ్యాహ్నం షిఫ్టుకు ఎవరుంటారో ఇవాళే రాసుకుందాం, పేర్లతో, సంతకాలతో.

పాత 1060 ప్రస్తుతం కోశాధికారి గారి షాపులో బిల్లింగ్ మెషీన్‌లో ఉంది. 125, 400 అని తెల్ల స్టిక్కర్ మీద రాసి పక్కన అంటించాం. ఎవరో అప్పుడే 125ను పెన్నుతో 175 చేశారు. ఎర్ర పెన్ను కాదు, నీలం.

ఇట్లు,
కార్యదర్శి