స్పార్టకస్ సినిమాలో పిల్లలు ఏం గమనించాలి

తొమ్మిదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నమస్కారం.

సాంఘిక శాస్త్రం తరగతిలో భాగంగా మీ పిల్లలకు 1960లో వచ్చిన ‘స్పార్టకస్’ చూపించబోతున్నాం. ప్రాచీన రోమ్ మీద తిరగబడ్డ గ్లాడియేటర్ (జనం వినోదం కోసం కత్తియుద్ధాలు చేయించే బానిస) స్పార్టకస్ కథ ఇది. కిర్క్ డగ్లస్ హీరో, స్టాన్లీ కుబ్రిక్ దర్శకుడు. మేం చూపించే కాపీ నిడివి 3 గంటల 17 నిమిషాలు. ఒకేసారి కూర్చోబెడితే రెండో సగం ఎవరి బుర్రకీ ఎక్కదు కాబట్టి రెండు శనివారాలకు పంచి, సినిమాలోని ఇంటర్వెల్ దగ్గరే ఆపుతాం.

సినిమా చూశాక నాయకుడి గుణాల మీద వ్యాసం రాయమంటే పిల్లలు సాధారణంగా “ధైర్యవంతుడు, బలవంతుడు” అని రాసి ఊరుకుంటారు. గ్లాడియేటర్ల బడిలో ధైర్యం లేనివాడెవడు? చంపడమే అక్కడి చదువు. అందుకని స్పార్టకస్ ఏ పని చెయ్యనన్నాడో, దేన్ని ఆపాడో చూడమంటున్నాం. బానిసలు తప్పించుకున్నాక ఇద్దరు రోమన్ పెద్దమనుషుల్ని పట్టుకొచ్చి, తమతో ఆడించినట్టే వాళ్ళ చేత కత్తియుద్ధం చేయిస్తూ కేరింతలు కొడతారు. స్పార్టకస్ అడ్డుపడి ఆపేస్తాడు. ఆ గుణం అతనికెక్కడిదో తెలియాలంటే అంతకుముందు అతనితో పోరుకు దించిన తోటి గ్లాడియేటర్ డ్రాబా సన్నివేశం చూడాలి. త్రిశూలం స్పార్టకస్ గొంతు మీద ఉంది, పైన కూర్చున్నవాళ్ళు చంపమంటున్నారు. డ్రాబా చంపడు, ఆ త్రిశూలాన్ని వాళ్ళ మీదికే విసురుతాడు. వ్యాసంలో ఏ గుణం రాసినా దానికి ఇలాంటి ఒక సన్నివేశం సాక్ష్యంగా చూపాలి. లేకపోతే మార్కులు రావు.

అయితే చరిత్ర ఇంత శుభ్రంగా లేదు. చనిపోయిన సహచరుడు క్రిక్సస్ కోసం స్పార్టకస్ 300 మంది రోమన్ ఖైదీలను బలి ఇచ్చాడని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. సినిమా దీన్ని వదిలేసింది. పిల్లలకు మేం చెబుతాం, దాచం. (అప్పియన్, మరో ప్రాచీన రచయిత ప్లూటార్క్ ఇద్దరూ తిరుగుబాటు జరిగి నూటయాభై ఏళ్ళు దాటాకే రాశారన్నదీ చెబుతాం.)

సినిమాలో లేని గొప్పతనం కూడా ఈ ఇద్దరి రాతల్లోనే ఉంది. క్రీ.పూ. 73లో ఇటలీలోని కాపువా ఊరి గ్లాడియేటర్ల బడి నుంచి డెబ్బై మందికి పైగా వంటింటి కత్తులు, ఇనుప చువ్వలతో బయటపడ్డారు. వెసూవియస్ కొండెక్కితే, దిగే ఒకే ఒక్క దారిని రోమన్ సేనాని గ్లాబర్ 3,000 మందితో మూసేశాడు. వీళ్ళు అడవి ద్రాక్ష తీగలతో నిచ్చెనలు అల్లి నిటారుగా ఉన్న వైపు నుంచి దిగారు. ఒక్కడు మాత్రం పైనే ఉండి ఆయుధాలన్నీ కిందికి దింపి, చివర్లో తానూ దిగాడు. ఆ తర్వాత రోమన్ల మీద వెనకనుంచి పడ్డారు. దోచిన సొత్తు స్పార్టకస్ అందరికీ సమానంగా పంచేవాడట. వ్యాపారులు బంగారం, వెండి తేకూడదు. ఇనుము, రాగి మాత్రం కొనేవారు, ఆయుధాలకు. నన్నడిగితే పిల్లలు వ్యాసం రాయాల్సింది దీని మీదే.

“నేనే స్పార్టకస్” అని ఒక్కొక్కరే లేచి నిలబడే ఘట్టం కల్పితం. సినిమాలోలా అతన్ని శిలువ వెయ్యలేదు, క్రీ.పూ. 71 నాటి ఆఖరి యుద్ధంలో పోయాడు, శవం దొరకలేదు. కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా 6,000 మందిని శిలువ వేసింది మాత్రం నిజం. పరీక్షల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు, ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

స్నానశాల సన్నివేశాన్నీ, బానిస స్త్రీలను గ్లాడియేటర్ల గదుల్లోకి పంపే భాగాన్నీ దాటవేస్తాం. డ్రాబా మరణం, యుద్ధంలో చెయ్యి తెగిపడటం, చివరి శిలువలు ఉంటాయి. రక్తం చూడలేని పిల్లలుంటే డైరీలో ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. వాళ్ళు ఆ వేళ లైబ్రరీలో కూర్చుని వెసూవియస్ ఘట్టం మీద వ్యాసం రాస్తారు, మార్కులు సమానమే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు