పోకర్‌లో నైపుణ్యం ఉంది, అదేమిటో పిల్లలకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సాయంత్రం విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే నా పాత విద్యార్థి ఒకడు కలిశాడు. ఫోన్‌లో పోకర్ అనే పేకాట ఆడి బాగా పోగొట్టుకున్నాడని వాళ్ల నాన్న అప్పటికే నా దగ్గర బాధపడ్డారు. మందలిద్దామని నోరు తెరిచేలోగా వాడే అందుకున్నాడు. "ఇది జూదం కాదు మాస్టారూ, స్కిల్ గేమ్. సుప్రీంకోర్టే చెప్పింది కదా!"

సుప్రీంకోర్టు 1967లో చెప్పింది రమ్మీ గురించి. సికింద్రాబాద్ క్లబ్బు కేసు అది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నారు. మూడు ముక్కలాట అలాంటిది కాదని ఆ తీర్పులోనే ఉంది. సంక్రాంతికి తోటల్లో దుప్పట్లు పరిచి పేకాడించేవాళ్లు ఆ ముక్క మాత్రం చదవరు.

పోకర్‌లో నైపుణ్యం లేదని నేననను. ఏళ్ల తరబడి సంభావ్యత పాఠం చెప్పినవాణ్ణి, అలా ఎలా అంటాను? నా గొడవల్లా ఆ నైపుణ్యం ఏమిటో ఈ కుర్రాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే. ఎదుటివాడి మొహం చూసి ముక్కలు కనిపెట్టేయడం, ఏమీ లేకపోయినా పందెం పెంచేసి బెదరగొట్టడం, ఇదే గొప్ప ఆట అని వాళ్ల నమ్మకం. నిజానికి గట్టి ఆటగాడు ఎక్కువసార్లు చేసే పని ఆ ఆట వదులుకుని ముక్కలు కింద పడేయడం. మన రమ్మీలో స్కూట్ కొట్టడం లాంటిదే. 101 ఆటలో మొదటే స్కూట్ కొడితే 20 పాయింట్ల నష్టంతో పోతుంది, ఆశకు పోయి కూర్చుంటే 80 దాకా పడొచ్చు. పోకర్‌లో చేతికి ఇచ్చే రెండు ముక్కలూ ఆసులే కావడమన్నది సగటున 221 పంపకాలకు ఒకసారి. బలహీనుడు అంతసేపు ఆగలేడు. వచ్చిన ప్రతి చేతిలోనూ ఏదో ఒక అందం వెతుక్కుంటాడు.

ఆ కుర్రాడికి టీ కొట్టు బల్ల మీదే లెక్క వేసి చూపించాను. చేతిలో రెండు ఇస్పేట్లు, బల్ల మీద అందరికీ కలిపి తెరిచిన నాలుగు ముక్కల్లో మరో రెండు, తెరవాల్సింది ఇంకొక్క ముక్క. అదీ ఇస్పేటే పడితే ఐదు ఇస్పేట్లు, అంటే ఫ్లష్, ఆట మనది అనుకుందాం. మనకు కనిపించని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. మధ్యలో 600 రూపాయలున్నాయి, ఎదుటివాడు 300 వేశాడు. అంటే మనం 300 పెట్టి 900 కోసం ఆడాలి. ఆ తర్వాత ఇంక పందెం లేదనుకుంటే, ఇలా 46 సార్లు ఆడితే సగటున 9 సార్లు గెలిచి 8,100 తెచ్చుకుంటాం, 37 సార్లు ఓడి 11,100 వదులుకుంటాం. నేర్పరి ఇక్కడ ముక్కలు పడేస్తాడు. మావాడు మాత్రం "పోయినసారి నాకు పడింది మాస్టారూ" అన్నాడు. పడిందే వాడి కొంప ముంచింది. గెలిచినా తప్పుగా ఆడానని ఒప్పుకోగలిగేవాడు వేరే రకం మనిషి. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలనే సామెత మరొకటి దొరుకుతుంది వీళ్లకి. రాత్రి పదింటికి పోయింది రెండింటికి రాబట్టాలని చూస్తారు, అప్పటికి టెన్షన్‌లో బుర్ర పనిచేయదు.

ఇంకో సంగతి. అందరూ సమానంగా ఆడినా ఆడించేవాడు తన కమీషన్ తీసుకుంటూనే ఉంటాడు. కాబట్టి గెలవాలంటే పక్కవాడికన్నా కాస్త మెరుగ్గా ఉంటే చాలదు, ఆ కమీషన్‌ను మించినంత మెరుగ్గా ఉండాలి.

మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పేకాటను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడదు. డబ్బు పెట్టించే ఆన్‌లైన్ ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మంచిదే. కానీ ఫోన్‌లో ఆట మూతపడితే కుర్రాళ్లు ఊరిబయట దుప్పటి దగ్గరికి చేరుతున్నారు.

కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టి జూదం పాపం అని గంటసేపు చెబితే పిల్లలు నిద్రపోతున్నారు. దానికి బదులు ఇంటర్ రెండో ఏడాది సంభావ్యత పాఠంలో ఈ లెక్కలు చేయించమని జిల్లా విద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఏ కాలేజీ వారు పిలిచినా ఒక పేకకట్ట, సుద్దముక్క పట్టుకుని వస్తాను. బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
విజయనగరం