పెళ్లయి ఐదు వారాలు, రిపోర్టులో ఏడు వారాలు

సంపాదకులకు,

ఒక పిల్ల పెళ్లి ఫిబ్రవరి 16న. మార్చి 24న తీసిన స్కానింగ్ రిపోర్టులో గర్భం 'ఏడు వారాలు' అని ఉంది. అత్తగారు వేళ్లు మడిచి లెక్కేసింది. పెళ్లయి ఐదు వారాలేగా! కోడల్ని పుట్టింటికి పంపేస్తామన్నదాకా వెళ్లింది వ్యవహారం. పిల్ల తల్లి ఆ రిపోర్టు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తెనాలి వైపు పల్లెల్లో ఏఎన్‌ఎంగా చేసి రిటైరైనదాన్ని, ఇలాంటి పంచాయితీలు నాకు కొత్త కాదు. మొగుడు మిర్చి లోడుతో లారీ మీద ఉంటే ఒక తగువు, దుబాయ్ నుంచి వచ్చి వెళ్తే ఇంకొకటి.

గర్భం వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఆ పిల్లకు అది ఫిబ్రవరి 3. అక్కణ్నుంచి మార్చి 24కి ఏడు వారాలు సరిపోయాయి. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు అండం విడుదలయ్యేది సుమారు పద్నాలుగో రోజున, అంటే పెళ్లి, శోభనం జరిగిన రోజులే. మొదటి రెండు వారాలూ కడుపులో ఏమీ లేకుండానే లెక్కలో కలిసిపోతాయి. స్కానింగ్ మిషను కూడా బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలిచి, ఈ లెక్కలోనే వారాలు చూపిస్తుంది. కాన్పు తేదీ కట్టేదీ అక్కణ్నుంచే. తొమ్మిది నెలలు, పైన ఏడు రోజులు. ఈ పిల్లకు నవంబరు 10.

అసలు ముహూర్తం పెట్టేటప్పుడు పిల్ల తేదీ అడిగి, ముట్టు రోజులు తప్పించేది మన పెద్దలే. అలా జరిపితే పెళ్లి చాలాసార్లు గర్భం నిలిచే రోజుల్లోనే పడుతుంది. అప్పుడు అడిగి తెలుసుకున్న తేదీ ఇప్పుడు గుర్తురాదేం? క్యాలెండరు ముందుపెట్టి చూపిస్తే గానీ ఆ అత్తగారు మెత్తబడలేదు.

అలాగని అందరికీ పద్నాలుగో రోజే అనుకోకూడదు. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి రెండు వారాల ముందు. 35 రోజులకు వచ్చేవాళ్లకు అది ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతుంది. వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్క రోజే. అందుకే ఫలానా రాత్రే నిలిచిందని రిపోర్టు చూసి ఎవరూ తేల్చలేరు. మొదటి మూడు నెలల స్కానింగ్‌లోనే వారం దాకా అటూ ఇటూ ఉంటుంది, చివరి నెలల్లో తీస్తే మూడు వారాల తేడా కూడా రావచ్చు. ఎనిమిదో నెల రిపోర్టు తెచ్చి, మొగుడు ఊళ్లో ఉన్న రోజులు లెక్కేసేవాళ్లూ ఉన్నారు!

రద్దీలో డాక్టరమ్మ 'సెవెన్ వీక్స్, గుండె బాగా కొట్టుకుంటోంది' అని పంపేస్తుంది. ఆవిడను తప్పుపట్టను. కానీ కొత్తపేటలో స్కానింగ్ సెంటర్ల గోడల మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ఉంటుంది, 1994 చట్టం పుణ్యమా అని. దాని పక్కనే 'వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి' అని ఇంకో బోర్డు పెట్టించాలని జిల్లా వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. ఆ ముక్క రిపోర్టు మీద కూడా తెలుగులో అచ్చువేస్తే మరీ మంచిది. బోర్డు సెంటర్లోనే ఉండిపోతుంది, రిపోర్టు అత్తగారి చేతికి వెళ్తుంది.

- ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, బ్రాడీపేట, గుంటూరు