గ్రాము గ్రాముగా పెరిగిన మా పాపకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. దేవుని కృపతో మొన్న ఆదివారం మా సంఘంలో పాప మొదటి పుట్టినరోజు ప్రార్థన జరుపుకున్నాం. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరితో తీరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పాప 29 వారాలకే పుట్టింది. నాకు బీపీ బాగా పెరిగిపోతే మిర్యాలగూడ నుంచి 108లో హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడవునా బీపీ చూస్తూ, "ఏం కాదక్కా, వచ్చేశాం" అంటూ ధైర్యం చెప్పిన 108 తమ్ముడికి ముందుగా కృతజ్ఞతలు. పుట్టినప్పుడు పాప బరువు 1,120 గ్రాములు. నెలలు నిండిన బిడ్డ రెండున్నర కిలోలైనా ఉండాలంటారు, మా పాప అందులో సగం కూడా లేదు. మొదటి వారంలో అదీ తగ్గి 1,030కి వచ్చింది. ఇలాంటి పిల్లలు ముందు కాస్త తగ్గడం మామూలేనని డాక్టరమ్మ చెప్పారు. చెప్తే మాత్రం తల్లి మనసు ఊరుకుంటుందా?

నాకింకా పాలు పడలేదు. ఆ రోజుల్లో మా పాప కడుపు నింపింది వేరే తల్లుల పాలే. నిలోఫర్‌లో ధాత్రి అనే తల్లిపాల బ్యాంకు ఉంది. ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, పరీక్షించి, ఫ్రీజర్‌లో భద్రపరుస్తారు. రెండు గంటలకోసారి 2 మి.లీ., నోట్లోంచి వేసిన సన్నటి ట్యూబ్‌లో పోసేవారు. ఆ పాలిచ్చిన అమ్మలు ఎవరో, ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. మీ పిల్లలు నూరేళ్లు చల్లగా ఉండాలమ్మా.

రాత్రి డ్యూటీ సిస్టర్‌ను ఎప్పటికీ మరచిపోలేను. నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం ఆపేస్తారు. మానిటర్ కుయ్‌మంటుంది, పెదాలు నల్లబడతాయి. సిస్టర్ ఏ కంగారూ లేకుండా వచ్చి, వేలితో పాప అరికాలు మీద మెల్లగా తట్టేవారు. ఒకసారి, రెండుసార్లు. చిన్న పొట్ట మళ్లీ పైకి లేచేది. చార్టులో టైము రాసుకుని పక్క బిడ్డ దగ్గరికి వెళ్లిపోయేవారు. నేను గోడకు ఆనుకుని వణుకుతూ "యేసయ్యా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయేదాన్ని.

రోజూ పొద్దున్నే బరువు చూసేవారు. ఒక రోజు 15 గ్రాములు పెరిగేది. మర్నాడు అస్సలు పెరిగేది కాదు. ఒకసారి పాలు అరక్క పొట్ట ఉబ్బితే పాలే ఆపేశారు, ఆ రోజు టెన్షన్ చెప్పలేను. నాన్నకు ఫోన్ చేసి ఏడ్చాను. నాన్న సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు. "పైరు పొట్ట దశలో ఉన్నప్పుడు నీళ్లు తగ్గకుండా చూసుకోవడమే మన పనమ్మా. వెన్ను (కంకి) తీసేది దేవుడే" అన్నాడు. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిందీ ఇదే. విత్తినవాడు పడుకుంటాడు, లేస్తాడు, విత్తనం ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాతే గింజ. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న మాటే అయినా, ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే నాకు అందింది. అప్పటిదాకా "రేపటికి వంద గ్రాములు పెంచు ప్రభువా" అని అడిగేదాన్ని. ఆ తర్వాత "ఈ పూట పాలు అరగనివ్వు తండ్రీ" అని మాత్రమే అడిగాను. పాలు పిండి ఇవ్వడం నా వంతు. మిగతాది ఆయనకు అప్పగిస్తే కంటికి కాస్త నిద్ర పట్టింది.

పాప కుదుటపడ్డాక కంగారూ పద్ధతి నేర్పించారు. ఒంటి మీద టోపీ, డైపర్ మాత్రమే ఉంచి, బిడ్డను రొమ్ముల మధ్య నిటారుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టేస్తారు. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతట ఇది. నేను స్నానానికీ భోజనానికీ వెళ్లినప్పుడు మా అత్తమ్మ కట్టుకునేది. మోకాళ్ల నొప్పులున్న మనిషి గంటల తరబడి కదలకుండా కూర్చుని, సన్నగా కీర్తనలు పాడేది. అత్తమ్మా, ఈ రుణం నేను తీర్చలేను. ఉగ్గు గిన్నెతో పాలు తాగించడం ఓపిగ్గా నేర్పిన ఆయమ్మకు, రోజూ క్యారియర్ పంపిన రెడ్‌హిల్స్ అక్కకు, రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లలకు, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాప పేరు ఎన్నడూ వదలని మా సంఘం తల్లులకు, పాస్టరు గారికి చేతులెత్తి వందనాలు.

1,800 గ్రాములతో ఇంటికి వచ్చాం. ఇలాంటి పిల్లల వయసు లెక్కించేటప్పుడు ముందు పుట్టిన వారాలు తీసేయాలి, అంటే 40 వారాలకు పుట్టాల్సింది 29కే పుట్టిన మా పాప వయసులో 11 వారాలు తగ్గించాలి. కాబట్టి "ఇంకా నిలబడలేదా?" అని అడిగేవాళ్లూ, మీరూ కంగారు పడకండి. గోడ పట్టుకుని లేస్తోంది, డాక్టరమ్మ బాగుందన్నారు.

మీకు తెలిసిన వాళ్లింట్లో ఇలా తొందరపడి పుట్టిన బిడ్డ ఉంటే నాకు చెప్పండి. ఆ తల్లితో ఫోన్‌లో మాట్లాడతాను, కంగారూ కట్టు ఎలా కట్టుకోవాలో వీడియో కాల్‌లో చూపిస్తాను. బిడ్డ పేరు పంపితే ఈ శుక్రవారం నుంచే ప్రార్థనలో పెడతాం. ఇంకా పేరు పెట్టకపోతే అమ్మ పేరు చాలు.