గోతుల లెక్క అడవి లెక్క కాదు

సంపాదకులకు,

ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు మీరు ప్రచురించిన ప్రత్యేక వ్యాసం గురించి ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు. కొట్టేసిన ఒక్కో చెట్టుకు పది మొక్కలు నాటితే ప్రకృతి రుణం తీరిపోతుందని అందులో తేల్చేశారు. వడ్డీతో సహా చెల్లించేశామన్న ధీమా వ్యాసమంతటా కనిపించింది.

పాత చెట్టు తొర్రలో గుడ్లగూబ గుడ్లు పెట్టుకుంటుంది. ఆ తొర్ర ఏర్పడాలంటే ముందు కొమ్మ విరగాలి, విరిగినచోట శిలీంధ్రం పట్టాలి, లోపలి కర్ర మెల్లగా పుచ్చిపోవాలి. ఇందుకు దశాబ్దాలు పడుతుంది. నేలలో వేళ్లను అల్లుకున్న శిలీంధ్రాల పోగులు భాస్వరాన్ని చెట్టుకు అందించి, అది ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరలో వాటా పుచ్చుకుంటాయి. ప్లాస్టిక్ సంచిలోంచి తీసి వరుసగా నాటిన జానెడు మొక్కలు, అవీ ఒకే జాతివి, పదికి బదులు వందైనా సరే, ఇంత అల్లికకు ఎలా సాటి వస్తాయో వ్యాసకర్తే చెప్పాలి.

జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాలను పరిశీలించే శాస్త్రానికి జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ 1866లోనే ‘ఎకాలజీ’ అని పేరు పెట్టాడు. జీవులను నేల, నీరు, వాతావరణాల నుంచి విడదీయక ఒకే వ్యవస్థగా చూడాలని బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త టాన్స్లే 1935లో వివరించాడు. మనం మాత్రం ఇంకా తలలు లెక్కపెట్టుకుంటున్నాం. చైనాలో 1958లో ధాన్యం తింటున్నాయని పిచ్చుకలను నిర్మూలించాల్సిన నాలుగు చీడల జాబితాలో చేర్చి ఊచకోత కోయించి, చచ్చినవాటి లెక్కలు ఘనంగా చాటుకున్నారు. పురుగులను తినేవీ అవేనని తెలిసివచ్చేసరికి పంటలు పురుగుల పాలయ్యాయి. 1960లో ఆ జాబితా నుంచి పిచ్చుకను తొలగించి నల్లిని చేర్చారు. జాబితా మాత్రం ఖాళీ కాకూడదు కదా!

అధికారుల నివేదికల్లో తవ్విన గోతులెన్నో ఉంటుంది, మరుసటి వేసవికి బతికిన మొక్కలెన్నో ఉండదు. ఏటా అదే గోతిలో మరో మొక్క, దాని పక్కన మరో అధికారి. ఒకప్పుడు ఇలాంటి నివేదిక అందితే పత్రికలు విలేకరిని పంపి నిజానిజాలు తేల్చుకునేవి. ఇప్పుడు అచ్చుతప్పులతో సహా అచ్చేస్తున్నాయి. దక్షిణ అమెరికా దేశమైన ఈక్వడార్ 2008 నాటి రాజ్యాంగం ప్రకృతికి పునరుద్ధరణ హక్కు ఉందని, నష్టపోయిన ప్రజలకు చెల్లించే పరిహారం వేరు, ఇది వేరు అని స్పష్టంగా రాసుకుంది. ఆ తేడా మీ వ్యాసకర్తకు పట్టలేదు.

వచ్చే ఏడాది నాటుతున్నవారి ఫొటో వేసేటప్పుడు, ఈ ఏడాది నాటినవాటిలో ఎన్ని మిగిలాయో కనుక్కుని దాని కిందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు