సలహా ఇవ్వకుండా పని చూపించిన మీకు

మా అమ్మాయి సెప్టెంబరులో యూనివర్సిటీలో చేరుతోంది. బిల్డింగ్ సర్వేయింగ్ చదవబోతోంది, అంటే కట్టేసిన భవనాల్లో లోపాలు కనిపెట్టి, ఎలా బాగుచేయాలో చెప్పే చదువు. ఈ ఒక్క మాట ఇవాళ ఇంత నిశ్చింతగా రాస్తున్నానంటే దాని వెనక నలుగురు మనుషులున్నారు. వాళ్లకి ఫోన్‌లో థాంక్స్ చెప్పాను. కానీ అందరి ముందూ చెప్పకపోతే నా మనసుకి తృప్తిగా లేదు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలుస్తుంది.

మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. పిల్లకి చిన్నప్పట్నుంచీ ఇళ్లంటే పిచ్చి. బస్సులో వెళ్తూ ఎర్ర ఇటుకల ఇళ్ల వరసలు చూసి, ఏ ఇంటికి పొగగొట్టం ఒరిగిందో చెప్పేది. బొమ్మలు బాగా వేస్తుంది. ఇంకేముంది, ఆర్కిటెక్ట్ అవుతుందని ఇంట్లో అందరం అనేసుకున్నాం. చుట్టాలకి చెప్పేశాం కూడా.

పన్నెండో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చి, "అమ్మా, బిల్డింగ్ సర్వేయింగ్ అని ఒక కోర్సు ఉంది, నాకు అది కూడా నచ్చింది" అంది. సర్వే అంటే మనకి తెలిసింది ఒకటే కదా. పొలం గట్టున గొలుసు పట్టుకుని నిలబడే మనిషి, సర్వే నంబరు, హద్దురాళ్లు. మా నాన్నగారు ఫోన్‌లో విని, "అంత దూరం వెళ్లి గొలుసు లాగే చదువేంటమ్మా" అన్నారు. ఆయనది తప్పు కాదు. నాకూ అప్పటికి అంతకంటే తెలియదు.

ఇక్కడ అసలు చిక్కు యూకాస్ దరఖాస్తుది. యూనివర్సిటీలన్నిటికీ దాని ద్వారానే దరఖాస్తు పెట్టాలి. ఐదు కోర్సులదాకా పెట్టుకోవచ్చు, కానీ ఐదింటికీ వెళ్లే పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే పిల్ల తన గురించి తను రాసుకునే వ్యాసం, ఒక్కటే. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా మార్చారు. మొదటి ప్రశ్నే "ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు" అని. ఆర్కిటెక్చర్‌కి రాస్తే సర్వేయింగ్ వాళ్లకి నప్పదు, సర్వేయింగ్‌కి రాస్తే ఆర్కిటెక్చర్ వాళ్లు పక్కన పెడతారు. పైగా ఆర్కిటెక్చర్‌కి చాలాచోట్ల పోర్ట్‌ఫోలియో, అంటే తను వేసిన బొమ్మల కట్ట, కూడా చూపించాలి. మాకు గడువు 2026 జనవరి 14. అక్టోబరు అయిపోతున్నా పిల్ల ఒక్క వాక్యం కూడా రాయలేకపోయింది. ఇంట్లో టెన్షన్. ఫీజు తీసుకుని సలహాలిచ్చే ఒకాయన్ని అడిగితే, మార్కులు రానివాళ్లు చేరే కోర్సు అది, దాని జోలికే వెళ్లొద్దన్నాడు. పిల్ల పక్కనే కూర్చుని వింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

అలాంటి సమయంలో సర్వేయర్ అన్నయ్యగారూ, మీరు ఫోన్ ఎత్తారు. మా వారి పాత సహోద్యోగికి మీరు దూరపు చుట్టం, అంతే పరిచయం. పాతికేళ్లుగా ఇక్కడ అదే పని చేస్తున్నారని తెలిసి, ఏది మంచిదో చెప్పమని అడిగాను. మీరు చెప్పలేదు. "శనివారం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాను, ఇంటివాళ్లని అడిగి పిల్లని తీసుకెళ్తాను. బూట్లు మాత్రం గట్టివి వేసుకుని రమ్మనండి" అన్నారు. నేనూ వెంట వచ్చాను.

ఆ రోజు చూసింది నేను మర్చిపోను. నూరేళ్లు దాటిన ఇటుక ఇల్లు. ముందుగదిలో గోడ కింది భాగమంతా నిమ్మెక్కి, వాల్‌పేపర్ ఊడి, తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. నేల నుంచి చెమ్మ పాకుతోందనీ, గోడకి వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించాలనీ ఎవరో వేల పౌండ్ల లెక్క రాసిచ్చారట. మీరు చెమ్మ కొలిచే మీటర్ పిల్ల చేతికిచ్చి, గోడకి ఆనించమన్నారు. అది కీచుమంది. "అయితే చెమ్మ ఉన్నట్టేగా అంకుల్" అంది. "అది నీళ్లని కొలవదు తల్లీ, గోడలో కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో కొలుస్తుంది. ఉప్పు ఉన్నా అలాగే అరుస్తుంది. పద, బయటికెళ్లి గోడని అడుగుదాం" అన్నారు.

బయట పావుగంట మీరు నోరు విప్పలేదు. పిల్లే చూస్తూ తిరిగింది. చివరికి వంగి, పూలమొక్కల కోసం గోడకి ఆనించి పోసిన మట్టిని చేత్తో పక్కకి తీసింది. లోపల, రెండు ఇటుకల వరసల మధ్య పలచటి పలకరాయి పొర కనిపించింది. నేల చెమ్మ పైకెక్కకుండా కట్టినప్పుడే వేసిన పొర అది. బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. ఇక్కడేమో మట్టి దాన్ని దాటేసి పైకెక్కి కూర్చుంది. పిల్ల మీ మొహంలోకి చూసిన చూపు నాకింకా గుర్తుంది. మీరు జేబులోంచి తాళంచెవి తీసి ఇటుకల మధ్య దరుల్లో గీకారు. ఒకచోట పొడిపొడిగా రాలింది, అది పాత సున్నం. పక్కన గీత కూడా పడలేదు, అది ఈ మధ్య పూసిన సిమెంటు. సున్నం దరి అయితే గోడ పీల్చుకున్న తడి అందులోంచి ఆరిపోతుంది, సిమెంటు పూస్తే ఆ తడి బయటికి రాలేక ఇటుకలోనే చిక్కుకుంటుంది, చలికాలంలో గడ్డకట్టి ఇటుక మొహం పెచ్చులూడిపోతుంది అని విడమరిచి చెప్పారు. మా అమ్మమ్మగారింట్లో గానుగ సున్నంతో కట్టిన గోడలుండేవి. అవి ఎందుకంత కాలం చల్లగా, పొడిగా నిలిచాయో నాకు ఆ రోజే అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్ల మిమ్మల్ని లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ గురించి అడిగింది. 2017 జూన్ 14న జరిగిన ఆ అగ్నిప్రమాదంలో 72 మంది పోయారు. మీరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మంటలు పాకింది బయటి క్లాడింగ్, అంటే గోడలకి పైన తొడిగిన పలకల, మీదుగా అనీ, అది డెబ్బైలలో టవర్ కట్టినప్పటిది కాదు, 2016లో ముగిసిన మరమ్మతుల్లో తగిలించిందనీ చెప్పారు. కట్టేసిన భవనానికి తర్వాత ఏం చేస్తున్నారో చూడ్డం ఎంత పెద్ద బాధ్యతో మీ గొంతులోనే తెలిసింది. 2022లో వచ్చిన బిల్డింగ్ సేఫ్టీ చట్టం గురించి పిల్ల ఆ రాత్రి కూర్చుని చదువుకుంది.

అక్కడే నేను తొందరపడ్డాను. సరే, సర్వేయింగే అనేసుకుందాం అన్నాను. వద్దన్నది మీరే. "రెండో పక్క కూడా చూడనివ్వండమ్మా" అని ఆర్కిటెక్ట్ అక్కయ్య నంబరు ఇచ్చారు. తన వృత్తి వైపు ఒక పిల్ల మొగ్గుతోంటే, ఆగు, అవతలిది కూడా చూసి రా అనే మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

అక్కయ్యా, మీరు మాంచెస్టర్ నుంచి ఒక ఆదివారం సాయంత్రం ఇంటికే వచ్చారు. పెద్ద సంచీ నిండా కాగితాలు. ఒకే కిటికీని పదకొండు సార్లు గీసిన బొమ్మలు, పొద్దున ఎండ మెట్ల మీద ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి అట్టముక్కలతో చేసిన నమూనా. కాలేజీలో క్రిట్ అంటే ఏంటో చెప్పారు. రాత్రంతా కూర్చుని చేసింది గోడకి అంటించి, పక్కన నిలబడి, టీచర్లు దాన్ని విప్పి చీలుస్తుంటే వినాలి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఆ మాట చెప్తున్నప్పుడు మీ కళ్లలో మెరుపు చూశాను. ఇష్టం ఉన్నవాళ్లకే అది సాధ్యం.

దారి ఎంత పొడవో కూడా దాచలేదు. ఈ దేశంలో ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకుని పని చేయాలంటే 1997 నాటి చట్టం ప్రకారం ఆర్కిటెక్టుల పేర్లు నమోదు చేసే సంస్థ ఏఆర్‌బీ రిజిస్టర్‌లో ఉండాలి. మామూలుగా మూడేళ్ల డిగ్రీ, ఒక ఏడాది ఆఫీసులో పని, మళ్లీ రెండేళ్ల చదువు, ఇంకో ఏడాది పని, చివర పార్ట్ 3 పరీక్ష. హీనపక్షం ఏడేళ్లు. మీకు తొమ్మిది పట్టిందన్నారు. సర్వేయింగ్‌లో సర్వేయర్ల వృత్తి సంస్థ ఆర్‌ఐసీఎస్ గుర్తింపు ఉన్న డిగ్రీ మూడేళ్లు, ప్లేస్‌మెంట్ ఏడాది, అంటే చదువు మధ్యలో ఆఫీసులో పనిచేసే ఏడాది, కలుపుకుంటే నాలుగు. తర్వాత ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్ల శిక్షణ, గంటసేపు ఇంటర్వ్యూ, దీన్నే ఏపీసీ అంటారు, అది నెగ్గితే చార్టర్డ్ సర్వేయర్. ఫీజు 2025-26లో ఇంగ్లండ్‌లో ఏడాదికి 9,535 పౌండ్లు. ఆ లెక్కన ఆర్కిటెక్చర్ చదివే ఐదేళ్లకి 47 వేలు దాటుతుంది, సర్వేయింగ్ మూడేళ్లకి 28 వేల పైచిలుకు. లెక్క వేశాం, వేయకపోతే అబద్ధం చెప్పినట్టే. కానీ పిల్లకి నిజంగా ఆర్కిటెక్చరే కావాలంటే ఆ తేడా భరించడానికి మేం సిద్ధపడ్డాం.

వెళ్తూ వెళ్తూ మీరు బల్ల మీద రెండు ఏ3 కాగితాలు పెట్టారు. "ఒకదాంట్లో, వానలో ఇద్దరు మనుషులు బస్సు కోసం ఆగే చోటు, నీకు నచ్చినట్టు. రెండోదాంట్లో, మీ బడిలో నువ్వు రోజూ ఎక్కే మెట్లు, ఉన్నవి ఉన్నట్టు. వారం తర్వాత ఫోన్ చెయ్యి, ఏది ఎలా వచ్చిందో నాకొద్దు, ఏది వేస్తూ టైమ్ మర్చిపోయావో చెప్పు" అన్నారు.

బస్సు షెల్టర్ అరగంటలో అయిపోయింది. అందంగానే ఉంది. మెట్ల బొమ్మకి నాలుగు సాయంత్రాలు పట్టింది. మొదటిరోజు గుర్తున్నది గీసి, చాలక మర్నాడు టేపు తీసుకెళ్లింది. మెట్టు ఎత్తు కొలుచుకొచ్చింది. మెట్ల అంచులు నడిమధ్యలో కాదు, రెండు పక్కలా అరిగాయని చూసింది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎవరి ఎడమ పక్కన వాళ్లు నడుస్తారు కదా, అందుకట. పైనుంచి మూడో మెట్టు దగ్గర గోడలో మెట్లుమెట్లుగా దిగిన సన్నటి బీట ఉందని, దాని పక్కన పెన్సిల్‌తో తేదీ వేసుకుంది. ఇంకో నెల తర్వాత చూస్తుందట, పెరిగిందో లేదో. అది వింటూ నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మీకు ఫోన్ చేసింది. మీరు నవ్వి, "ఇంక నన్నడగకు అమ్మలూ, నీకే తెలిసిపోయింది" అన్నారట.

ఇద్దరి గురించే ఇంత రాశాను. కానీ సర్వేయింగ్ చదువుతూ ప్లేస్‌మెంట్‌లో ఉన్న ఆ అబ్బాయిని ఎలా మర్చిపోతాను. రోజంతా పైకప్పులెక్కి దిగి, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో కూర్చుని, పార్టీ వాల్ నోటీసు అంటే ఏంటో, పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ దగ్గర పని మొదలుపెట్టేముందు 1996 చట్టం ఏం చేయమంటుందో చెప్పాడు. లీజు ముగిశాక రిపేర్లు ఎవరు పెట్టుకోవాలన్న గొడవలు కూడా ఈ పనిలో భాగమనీ, సగం రోజులు రిపోర్టులు రాయడంలోనే పోతాయనీ దాచకుండా చెప్పాడు. ఆ మాట వినే పిల్ల రాత మీద శ్రద్ధ పెట్టింది. బాబూ, నీ ఏపీసీ బ్రహ్మాండంగా గడవాలని దీవిస్తున్నాను. స్టేట్‌మెంట్ మూడుసార్లు తిరగరాయించిన బడి టీచరుగారికి తెలుగు రాదు, ఆవిడకి విడిగా ఉత్తరం రాశాం. మొదటి ప్రశ్నకి జవాబు ఆ మట్టి కింద దొరికిన పలకరాయి పొరతోనే మొదలైంది.

పెట్టుకున్న ఐదు కోర్సుల్లో నాలుగింటికి ఆఫర్లు వచ్చాయి, ఒకటి ఖాయం చేసుకున్నాం. మా నాన్నగారికి పిల్లే వీడియోలో గోడలూ మెట్లూ చూపించి మొత్తం చెప్పింది. ఆయన విని, మన పెంకుటిల్లు వెనక గోడ ఫొటోలు పంపిస్తాను, ఎందుకు ఉబ్బుతోందో చూసి చెప్పమన్నారు.

అన్నయ్యగారూ, వేసవిలో మళ్లీ రమ్మన్నారు కదా, బూట్లు తుడిచి పెట్టుకుని ఎదురుచూస్తోంది. అక్కయ్యా, ఆ మెట్ల బొమ్మ మీ ఆఫీసు గోడకి కావాలని అడిగారు. ఫ్రేము కట్టించాం. వచ్చే ఆదివారం ముగ్గురం తీసుకొచ్చి మీ చేతికిస్తాం.